మాటల పందెం, లెక్కల పాట

బ్రిటిష్ టెలివిజన్‌లో 'కౌంట్‌డౌన్' అనే పోటీ 1982 నవంబరు నుండి నడుస్తున్నది. 9 అక్షరాలిస్తారు, 30 సెకన్లలో వానితో వీలైనంత పొడవైన మాట కూర్చవలెను. పిమ్మట 6 సంఖ్యలిస్తారు. కూడికలు, తీసివేతలు, హెచ్చవేతలు, భాగహారాలతో చెప్పిన మూడంకెల సంఖ్యను రాబట్టవలెను. మాటా లెక్కా రెండూ వశమైనవాడే అక్కడ విజేత. మన బడులలో తెలుగు మేష్టారొకరు, లెక్కల మేష్టారు వేరొకరు. ఆ ఇద్దరూ కలిసేది కాఫీ వేళకే.

ఈ విద్య తెలుగువారికి అందనిది కాదు. హైదరాబాదు యువకుడు నీలకంఠ భానుప్రకాశ్ 2020లో మైండ్ స్పోర్ట్స్ ఒలింపియాడ్ మనోగణిత పోటీలో స్వర్ణపతకం గెలుచుకున్నాడు. తెలంగాణ మూలాలు గల ఫ్లోరిడా బాలుడు బృహత్ సోమ 2024లో అమెరికా జాతీయ స్పెల్లింగ్ పోటీ తుది ఘట్టంలో, 90 సెకన్లలో 30 మాటలకు 29 సరిగా చెప్పి నెగ్గాడు. మన పత్రికలు పొంగిపోయినవి, పొంగవలసినదే. కాని అతడు గెలిచిన మాటలు ఇంగ్లీషువి. తెలుగు మాటనూ లెక్కనూ ఒకే బుద్ధితో నడిపే అవధానం మనకున్నది గదా! పద్యం అల్లుతూనే, ఎప్పుడు మోగునో తెలియని గంటలను అవధాని లెక్కిస్తూ ఉంటాడు.

గంట లేని ఘంటాగణనం విశాఖ ఫిషింగ్ హార్బరులో ప్రతి వేకువనా జరుగుతున్నది. మరబోట్లు తెచ్చిన వంజరాలూ, చందువలూ, రొయ్యలూ జెట్టీ మీద వేలానికి వస్తాయి. వేలంలో పలికే ధరకు మన భాష పెట్టిన పేరు 'పాట'. ఎంత చక్కని పేరు! గంప 2,400, ఐసుకు 150, ఆటోకు 250, నలుగురు కలిసి కొంటే తలకెంత? కాగితం లేదు, కలం లేదు. పాటగాడు 'మూడోసారి' అనేలోపల ఆ తల్లికి 700 అని తేలిపోవాలి.

ఈ నేర్పు బడిలో ఎందుకు కనబడదు? 2025లో 'నేచర్' పత్రికలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ప్రభృతులు ఒక పరిశోధన ప్రకటించారు. కలకత్తా, ఢిల్లీ బజారులలో పనిచేసే 1,400 మందికి పైగా బాలబాలికలను పరీక్షించగా, బేరంలోని చిక్కులెక్కలు నోటితో చెప్పగలవారే పాఠ్యపుస్తకపు లెక్క దగ్గర తడబడినారు. బడిపిల్లలు ఆ పుస్తకపు లెక్క చేసి, బజారు లెక్క దగ్గర ఆగిపోయినారు. లోపం పిల్లల బుద్ధిలో లేదు. లెక్కను అడిగే భాషలో ఉన్నది.

బడులలో క్విజ్ పేరిట రాజధానుల పేర్లు వల్లె వేయించడం మాని, మాటా లెక్కా కలిసిన పోటీ పెట్టవచ్చు. ఇంగ్లీషు నియమం యథాతథంగా పనికిరాదు; మన హల్లుకు గుణింతమున్నది, ఒత్తున్నది. కనుక హల్లులు మాత్రమిచ్చి, గుణింతం, ఒత్తు, సున్న ఆటగాని ఇష్టానికి విడవాలి. వ, ల, ర, మ, ప, త, న, క, ట ఇస్తే ఒకడు 'కెరటము'తో ఆగవచ్చు. ఇంకొక బాలిక 'కలవరపాటు' దాకా పోవచ్చు. తరువాతి వంతులో పైన చెప్పిన గంప లెక్కనే, ఆ మాటలతోనే అడగాలి.

మరబోట్ల వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14 వరకు ఉంటుంది. వేసవి సెలవులకు ముందు ఆ కొద్ది దినాలు బడి ఉంటుంది, మరబోట్ల వేలం ఉండదు. పాటలో ఆరితేరిన ఒక తల్లిని లెక్కల పృచ్ఛకురాలిగా ఆ దినాలలో బడికి పిలువవచ్చు.