పడుకోని గదికి అద్దె

అమెరికాలో వుండే పిల్లలు తలిదండ్రులను పిలిపించుకొని ఊళ్ళు చూపించడం మన కుటుంబాలలో మామూలైపోయింది. ఆ ఊళ్ళలో ఫ్లోరిడాలోని ఆర్లాండో ఒకటి. 1971 అక్టోబరులో తెరిచిన డిస్నీ వరల్డ్ అక్కడిదే. ఆ యాత్రలలో పుట్టిన ఒక ధర్మసందేహాన్ని ఈ నెల విచారింతము.

డిస్నీవారి వసతి గృహాలలో దిగినవారికి కొన్ని సదుపాయాలున్నవి. నాలుగు పార్కులలోను రోజూ తక్కినవారికంటె అరగంట ముందు లోపలికి పోవచ్చును. పొడుగు వరుసలు తప్పించే చీట్లను బయటివారు 3 రోజుల ముందు కొనగలిగితే, వీరు 7 రోజుల ముందే కొనుక్కోవచ్చును. ఈ పద్ధతి 2024 జూలైలో వచ్చింది. ఇక వారి బసలలో చవకైనవాటిలో ఒకటి ఫోర్ట్ వైల్డర్‌నెస్ తోపులోని గుడారపు జాగా. కప్పు వుండదు, నేల, నీళ్ళు, కరెంటు వుంటాయి. ఒక్కొక్క జాగాకు పదిమంది దాకా పేర్లు వ్రాయించవచ్చు. కొందరు ఆ జాగా అద్దెకు తీసుకొని, గుడారమైనా వేయక, స్నేహితుల ఇంట పడుకొని, తెల్లవారేసరికి గుమ్మం ముందు హాజరవుతారు!

అదే ఊరిలోని యూనివర్సల్‌వారిది మరొక లెక్క. వారి ఖరీదైన మూడు హోటళ్ళలో—పోర్టోఫినో బే, హార్డ్ రాక్, రాయల్ పసిఫిక్—ఒక్క రాత్రి గది తీసుకొంటే, దిగిన రోజుకు, వెళ్ళే రోజుకు కూడా వరుస తప్పించే చీటీ వుచితం. (2025 మే నెలలో తెరిచిన ఎపిక్ యూనివర్స్‌లో మాత్రం అది చెల్లదు.) ఆ చీటీ విడిగా మనిషికి రోజుకు 150 డాలర్లనుకొందాము. నలుగురికి రెండు రోజులకు 1200. గది అద్దె అంతకు తక్కువైతే, గదిలో కాలు పెట్టకపోయినా లాభమే గదా!

ఇది న్యాయమా? మన పెద్దల కాలపు సత్రం గుర్తుకు వస్తుంది. సత్రంలో గది పట్టి, తాళం వేసి, చుట్టాల ఇంట పడుకొన్నవాణ్ణి నలుగురూ దూషించేవారు. ఎందుకంటే అది దాత పెట్టిన ధర్మం; బాటసారికి దక్కవలసిన నీడ. రిసార్టు ధర్మసత్రం కాదు, వ్యాపారం. సదుపాయాల విలువ కూడ వేసుకొనే యజమాని అద్దె కట్టినాడు. రొక్కం పుచ్చుకొన్న తరువాత, "నీవు మంచం మీద పడుకొన్నావా?" అని అతడు అడగడు. కాబట్టి అతనికి అన్యాయం జరిగిందనలేము.

కాని ఈ బేరంలో మూడవవాడున్నాడు. ముందు వెళ్ళేవారు పెరిగినకొద్దీ ఆ అరగంట విలువ తరుగుతుంది. ఆ తరుగు యజమాని మీద పడదు, వెనుక నిలుచున్నవారి మీద పడుతుంది. 2019 మే 31న కాలిఫోర్నియాలోని డిస్నీలాండ్‌లో స్టార్ వార్స్ విభాగం తెరిచినప్పుడు, జూన్ 23 దాకా ముందుగా అనుమతి లేనిదే ప్రవేశం లేదు. అక్కడి మూడు హోటళ్ళలో దిగినవారికి అనుమతి ఖాయం. అటువంటి రోజులలో ఉత్త గది పట్టినవాడు, నిజంగా ఆ రాత్రి తలదాచుకొనే కుటుంబానికి గది లేకుండా చేయవచ్చును.

మా అభిప్రాయం ఇది. మోకాళ్ళ నొప్పులతో వున్న అమ్మకు, ఎండ పడని తాతకు వరుస తప్పించడానికి సొంత డబ్బుతో గది తీసుకొంటే తప్పు లేదు. గదులు ఖాళీగా వున్న రోజులు చూసి తీసుకొంటే మరీ మంచిది. అవసరం లేదని తేలితే, రుసుము లేని గడువులోగా రద్దు చేయాలి. అంతేగాని, పదిమంది పట్టే జాగాకు ముఖపరిచయమైనా లేనివారి పేర్లెక్కించి, తలకింతని వసూలుచేయడం మాత్రం వ్యాపారమూ కాదు, తెలివీ కాదు. అది అబద్ధపు చిరునామా.

పక్కనున్న మనుమడు "తాతా, మనం ఇక్కడ పడుకోవడం లేదు గదా, మరి గది ఎందుకు?" అని అడుగుతాడు. దాపరికం లేకుండా జవాబు చెప్పగలిగితే ఆ గది తీసుకోవచ్చును. నోట మాట తడబడితే, వరుసలో అందరితోపాటు నిలబడడమే మేలు.