రాబిన్ సరే, మన నల్లంచి సంగతేంటి?

డిసెంబర్ వచ్చిందంటే చిన్న తరగతుల ఇంగ్లీష్ రైమ్స్‌లో మంచు కురుస్తుంది, ఆ మంచులో ఎర్ర ఛాతీ రాబిన్ పిట్ట వణుకుతూ ఉంటుంది. "చోడవరం పిల్లలకి ఆ మంచు గొడవ ఎందుకు మేడమ్?" అని పేరెంట్స్ మీటింగ్‌లో కొందరు అడుగుతుంటారు. నా అభిప్రాయం వేరు. రాబిన్ ఉండాలి. పాఠం మాత్రం దాని దగ్గరే ఆగిపోకూడదు.

చలిదేశంలో రాబిన్ ఎలా బతుకుతుందని అడిగితే మన పిల్లలు ఠక్కున "మైగ్రేషన్" అంటారు. మార్కు పడిపోతుంది. నిజానికి స్వీడన్, నార్వేల్లోని రాబిన్లు చాలావరకు దక్షిణానికి వెళ్లిపోతాయి కానీ, ఇంగ్లండ్‌లోవి ఎక్కువ శాతం అక్కడే ఉండిపోతాయి. పిట్ట బరువు సుమారు 18 గ్రాములు. ఒంట్లో వేడి మాత్రం 40 డిగ్రీల దగ్గర నిలబడాలి. అందుకే ఈకలు ఉబ్బించుకుని బంతిలా కూర్చుంటుంది. ఈకల మధ్య చిక్కుకున్న గాలే దానికి రగ్గు.

అంతకంటే పెద్ద కష్టం ఆకలి. లండన్‌లో డిసెంబర్ చివర పగలు 8 గంటలకు మించదు. ఆ కాసేపట్లో తిన్నదాంతో 16 గంటల రాత్రి గడవాలి. నేల గడ్డకడితే వానపాములూ పురుగులూ దొరకవు. అందుకే తోటలో పార పట్టిన మనిషి వెనకే తిరుగుతుంది. మన దగ్గర దుక్కి దున్నేటప్పుడు ట్రాక్టర్ వెనక కొంగలు, గోరింకలు చేరవూ, అలాగే. ఈ పోలిక చెప్పగానే పల్లెల నుంచి స్కూల్ బస్సులో వచ్చే పిల్లలు నాకంటే ఎక్కువ మాట్లాడేస్తారు!

(అమెరికాలోని బంధువులు వాట్సాప్‌లో పంపే రాబిన్ వేరే పిట్ట. దీనికి నాలుగింతలు బరువుంటుంది. ఎర్ర ఛాతీ చూసి ఇంగ్లండ్ నుంచి వెళ్లినవాళ్లు పాత పేరే పెట్టేశారు.)

మనకీ ఒక రాబిన్ ఉంది. ఇంగ్లీషులో ఇండియన్ రాబిన్, తెలుగులో నల్లంచి. మగది నల్లగా మెరుస్తుంది, రెక్క మీద తెల్ల మచ్చ, నిటారుగా ఎత్తిన తోక కింద ఇటుకరంగు. ఆడది గోధుమరంగులో ఉంటుంది. నేల మీద గెంతుతూ పురుగులు ఏరుకుంటుంది. చలికి ఎక్కడికీ వెళ్లదు. మన చలి దాన్ని ఏమీ చేయదు కూడా. నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కితే వచ్చే లంబసింగి సంగతి వేరు గానీ, చోడవరంలో డిసెంబర్ పగలు 11 గంటలు ఉంటుంది, నేల గడ్డకట్టదు.

గడ్డకట్టదు కానీ, టైల్స్ కింద పడిపోతోంది. కొత్త ఇళ్లకు గేటు దాకా సిమెంటే. చెరకు కొట్టిన పొలాల్లో ఆకు తగలబెడితే అందులోని పురుగూ పోతుంది. మంచు కింద నేల, టైల్స్ కింద నేల, పిట్టకు రెండూ ఒకటే. మన స్కూల్ కాంపౌండ్ గోడ వెంబడి రెండడుగుల మట్టి వదలమని మేనేజ్‌మెంట్‌ని ఇక్కడే అడుగుతున్నాను.

ఇక ప్రాజెక్ట్ వర్క్. "వింటర్ బర్డ్స్" అని ఇస్తే నెట్ సెంటర్ నుంచి కలర్ ప్రింట్లు వస్తున్నాయి. రాత్రి పదకొండింటికి అమ్మలే కత్తిరించి అతికిస్తున్నారని నాకు తెలుసు. ఈసారి ప్రింట్ వద్దండీ. ఆదివారం పొద్దున్న పది నిమిషాలు పిల్లలతో పెరట్లోనో గట్టు మీదో నిలబడండి. ఏ పిట్ట వచ్చింది, ఏం తింది, దాన్ని నానమ్మ ఏ పేరుతో పిలుస్తుంది, ఇవి రాస్తే చాలు. ఇంగ్లీష్ రాకపోతే తెలుగులో రాయనివ్వండి, ఇంగ్లీషులోకి మార్పించే పని నాది. నల్లంచి కనిపించకపోతే "కనిపించలేదు" అని రాయమనండి. ఆ పేజీకీ మార్కులు వేస్తాను.