గాయం ఎలా తగిలిందో ఆమెనే చెప్పనివ్వండి



మదనపల్లె అయినా, పుంగనూరు, కుప్పం అయినా, నర్సులు తరచుగా వినే జవాబులు ఉన్నాయి. "మెట్ల మీద జారిపడింది." "ఆవు పొడిచింది." చాలాసార్లు ఈ మాట చెప్పేది దెబ్బ తిన్న తల్లి కాదు, పక్కన నిలబడిన భర్తో, అత్తగారో.

ఈ అబద్ధం వైద్యానికే అడ్డం. గొంతు నులిమితే పైకి గుర్తు కనిపించకపోవచ్చు, కానీ కొన్ని గంటల తర్వాత కూడా ఊపిరి ఆడక ప్రాణం మీదికి రావచ్చు. చెంపదెబ్బకు చెవిలో కర్ణభేరి చిరగవచ్చు. గర్భిణీ కడుపు మీద తన్నితే మాయ విడిపోయి లోపలే రక్తం పోవచ్చు. తల్లి చంకలో ఉన్న బిడ్డకూ దెబ్బ తగులుతుంది. కోపంతో గట్టిగా కుదిపిన పసిబిడ్డకు పైన గాయం లేకుండానే మెదడులో రక్తస్రావం కావచ్చు. బిడ్డ వాంతులు చేసుకున్నా, మందకొడిగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా వెంటనే తీసుకురండి. జరిగింది తెలిస్తేనే డాక్టరు సరైన పరీక్ష చేయగలరు. అందుకే నర్సు ఆమెతో ఒంటరిగా మాట్లాడాలంటే దయచేసి బయట కూర్చోండి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో హింసకు గురైన స్త్రీలలో సహాయం కోరినవారు నూటికి 14 మందే. మిగిలినవారి నోరు కట్టేసింది పరువు, భయం. కొన్నిసార్లు మన సంఘాలు కూడా. "సర్దుకుపో తల్లీ" అని ప్రార్థన చేసి పంపేస్తాము. ఎఫెసీ పత్రిక 5వ అధ్యాయంలో భార్యలకు చెప్పిన మాట గుర్తుంటుంది. అక్కడే భర్తలకు చెప్పిన ప్రేమ మాట మరచిపోతాము. ప్రార్థన చేయండి, కానీ ఆమెను ముందు ఆసుపత్రికి తీసుకురండి. కొట్టినవాడిని కూర్చోబెట్టి గద్దించే బాధ్యత సంఘ పెద్దలది.

"చెబితే ఇల్లు పోతుంది" అని భయపడే తల్లులకు ఒక మాట. 2006 అక్టోబరు 26 నుండి అమలులో ఉన్న గృహహింస నిరోధక చట్టం ప్రకారం, ఇల్లు ఎవరి పేరున ఉన్నా కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు మీకుంది. ఫిర్యాదు చేయలేదని ఏ ఆసుపత్రీ వైద్యం నిరాకరించరాదు. వైద్య నివేదిక నకలు ఉచితంగా ఇవ్వాలి. అడిగి తీసుకుని భద్రపరచుకోండి.

స్త్రీలకు 181, పిల్లలకు 1098, అత్యవసరానికి 112. ఈ నంబర్లు మీ బైబిలులో వ్రాసి పెట్టుకోండి. మీకు అక్కర లేకపోయినా, పక్కింటి చెల్లెలికి అవసరం రావచ్చు.