వెలుగులీనే ముందు ఒక మాట

కొత్తగా రాయడం మొదలుపెట్టిన చిరంజీవులకు,

దీపావళి, కార్తీక పౌర్ణమి వచ్చాయంటే మీ వార్తల్లో ఒక క్రియ తప్పకుండా కనబడుతుంది. వీధులు వెలుగులీనాయి, ఆలయం విద్యుత్ కాంతులీనింది, పెళ్లికూతురి ముఖం కాంతులీనింది. మంచి మాటే, నాకూ ఇష్టమే. కానీ రాస్తున్నప్పుడు అందులోని ‘ఈను’ మీ చెవిన పడుతోందా అని అనుమానం.

వెలుగులు, ఈను. ఉత్వసంధి. ఈనడమంటే ఏమిటో పాడి ఉన్న ఇంట్లో అడగండి. ఆవు ఈనింది, గేదె ఈనింది అంటారు. సంతలో గేదెను బేరమాడేవాడు ‘ఎన్నో ఈత?’ అని అడక్కుండా డబ్బు తీయడు. పొలంలోనూ ఇదే మాట: పొట్ట మీదున్న వరి వెన్ను తీస్తే చేను ఈనిందంటాం. ఇసకేస్తే రాలని జనాన్ని చూసి ‘నేల ఈనినట్టుంది’ అన్నవాడూ, చేతికొచ్చేదాకా కాపాడి ఎవరికో వదిలేసిన కొడుకుని ‘ఈనగాచి నక్కలపాలు చేశావు కదరా’ అని తిట్టిన ముసలమ్మా నిఘంటువులు చూసి మాట్లాడలేదు. పశువుల కొట్టంలోని మాటను తెచ్చి కాంతి పక్కన పెట్టినవాడెవడో గానీ, వాడికి నా దండం.

మనుషుల దగ్గర మాత్రం జాగ్రత్త. మన దగ్గర ఆడమనిషి కంటుంది, ప్రసవిస్తుంది. ‘ఈనింది’ అంటే తిట్టే. తమిళంలో అలా కాదు. అక్కడ ‘ఈన్ఱ తాయ్’ అంటే కన్నతల్లి, ఎంతో గౌరవంగా అనే మాట.

ఇక వాడుక సంగతి. ఈనేదానికి కడుపులో ఏదో ఉండాలి. సూర్యుడు, దీపం, సంతోషం పట్టలేని ముఖం వెలుగులీనుతాయి. చంద్రుడిది అరువు వెలుగే అయినా కవులకు అడ్డు చెప్పను. సీరియల్ లైట్లు చుట్టిన గోపురాన్ని మాత్రం ‘దీపాలతో మెరిసింది’ అంటే నాకు చాలు. ఆ వెలుగు కరెంటు పనివాళ్లు కట్టింది, గోపురం ఈనింది కాదు. ఇంకొకటి, ఈ క్రియలో వెలుగే కర్మ. ఇంకో కర్మకు చోటు లేదు. ‘దీపం గదిని వెలుగులీనింది’ అని రాస్తే వాక్యం కుంటుతుంది. గదిని వెలుగుతో నింపిందనండి.

సభల వార్తల్లో ఇంతకన్నా పెద్ద ప్రమాదం జరుగుతోంది. ‘మంత్రి జ్యోతి ప్రజ్వలించి సభను ప్రారంభించారు’ అని రాస్తారు. ప్రజ్వలించడమంటే తానే భగ్గున మండటం. పాపం ఆయన నిక్షేపంగా ఉన్నారు, మండింది వత్తి! ప్రజ్వలింపజేశారనాలి. ఆ ఆహ్వానపత్రాల్లోని ‘జ్యోతి ప్రజ్వలన’కూ ఇదే తిప్పలు, వెలిగించడానికి సంస్కృతంలో ‘ప్రజ్వాలనం’ అని దీర్ఘంతో వేరే మాటుంది. అసలింత దూరం ఎందుకు? వెలుగు, వెలిగించు, రగులు, రగిలించు, ఆరు, ఆర్పు. తనంతట జరిగేదానికి ఒకటి, చేయించేదానికి ఒకటి, తెలుగు ఎప్పుడో జతలు కట్టి పెట్టింది. మంత్రిగారు దీపం వెలిగించారు అని రాయండి. వార్తకేమీ లోటు రాదు.

అనుమానం వస్తే బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం చూడండి. 1885 నాటిదే అయినా ఇప్పుడు ఆంధ్రభారతి నిఘంటువులో మీ ఫోన్లోనే దొరుకుతుంది. గేదెలున్న మేనమామ ఎవరైనా ఉంటే మాత్రం ‘ఈను’ గురించి ముందు ఆయన్నే అడగండి.

ఆశీస్సులతో,
మీ తెలుగు మాస్టారు