ఎముక అతికినంతనే కాలు బాగుపడినట్లు కాదు

మోకాలి క్రింది ఎముక విరిగి, ఆపరేషను చేయించుకొని, లోపల కడ్డీతో ఇల్లు చేరిన రైతులు నేడు మన గ్రామములలో అరుదు కారు. ట్రాక్టరు తిరుగబడుటయో, మోటారు సైకిలు జారుటయో కారణము. కొన్ని నెలలకు ఎక్స్‌-రే చూచి ఎముక అతికినదని వైద్యుడు చెప్పగానే ఇంటివారు గండము గడచినదని సంతసింతురు. ఆ రైతే తారు రోడ్డుపై చక్కగా నడచును; పొలము గట్టెక్కగనే తూలును. కలుపు తీయుటకు గొంతుకు కూర్చుండబోయి వెనుకకు పడును. లోపము ఎముకలో లేదు, చీలమండలో నున్నది.

చదునైన బాటపై నడచుటకు పాదము పైకి సుమారు 10 డిగ్రీలు వంగిన చాలును. మడమ నేలకానించి గొంతుకు కూర్చుండుటకు అంతకు రెట్టింపు కంటె నెక్కువ కావలెను. కుర్చీలో పనిచేయు గుమాస్తాకు ఈ భేదము తెలియకయే పోవచ్చును. దమ్ము చేలో దిగువానికి ఇది కూటి మాట.

మంచముపై పడియున్నప్పుడు పాదము క్రిందికి వ్రాలిపోవును; పిక్క కండ కురుచయగును; వాపు కీలు చుట్టును గట్టిపడును. నొప్పికి వెరచి కదల్పనికొలది బిగువు హెచ్చును. జర్మనీ శస్త్రవైద్యుడు గెర్హార్డ్ కుంచర్ 1939లో తొడయెముక నడిమి నాళములో లోహపు కడ్డీని దింపెను. 1958లో స్విట్జర్లాండులో నేర్పడిన ఏ.ఓ. అను శస్త్రవైద్యుల బృందము, ఎముకను గట్టిగా బిగించుట కీళ్లను త్వరగా కదల్చుటకే యని బోధించెను. కడ్డీ వేయించుకొని పాదమును కదల్పకుండుట, బోరు వేయించి కాలువ త్రవ్వకుండుట వంటిదే.

కావున వైద్యుని యనుమతి గైకొని, మొదటి దినములనుండియే పాదమును పైకిని క్రిందికిని ఆడింపవలెను. కాలు చాపి కూర్చుండి, కండువాను పాదపు మునివ్రేళ్ల క్రింద తగిలించి, తనవైపునకు లాగి అరనిముసము నిలుపవలెను. పిదప గోడకు చేతులానించి పిక్కను సాగదీయుట, తుదకు ఒంటికాలిపై నిలుచుట. కాలిపై ఎంత బరువు మోపవచ్చునో మాత్రము వైద్యుడే చెప్పవలెను; కడ్డీ వేసిన కాలికిని, కీలు చెంత ప్లేటు వేసిన కాలికిని నియమ మొకటి కాదు. పిక్క హఠాత్తుగా వాచి నొప్పి పెట్టినచో రక్తము గడ్డకట్టి యుండవచ్చును గావున నాడే ఆసుపత్రికి పోవలెను. చుట్ట మానవలెను, పొగాకు ఎముక యతుకుటను ఆలస్యము చేయును. పొగాకు పండించు సోదరుల కీ మాట చెప్పుట కొంత సాహసమే.

విరుగుడు కీలులోనికే ప్రాకిన యెడల ఎంత శ్రమించినను కొంత బిగువు మిగులవచ్చును. అట్టివారిని సోమరులని నిందించుట అన్యాయము.

ఇక సంఘము మాట. ఫిజియోథెరపీకి వారమునకు రెండుమారులు పట్టణము పోవలసినవాడు, వాయిదా తేదీ తరుముకొని వచ్చుటచే, కాలు కుదుటపడకయే చేలో దిగుచున్నాడు. నిబంధనలు సమ్మతించునంత మేరకు అట్టి సభ్యునికి ఒక పంటకాలము గడువిచ్చుట సంఘమునకే లాభమని మా యభిప్రాయము. గట్టిగా నిలువగల కాళ్లు గల బాకీదారుడు ఆలస్యముగానైనను చెల్లించును. రాబోవు సర్వసభ్య సమావేశమున దీనిని చర్చకు పెట్టవలసినదిగా పాలకవర్గమువారిని కోరుచున్నాము.