వెలుగు చూశారో... అంతే!

నల్లటి తెర. దాని మీద నీలిగీతల గళ్లు. మధ్యలో తెల్లటి చిన్న ఓడ. కథ లేదు, హీరో లేడు, రాక్షసుడి చెరలో ఉన్న రాకుమారి అంతకన్నా లేదు. ఒక్క క్షణం ఆగితే ఊదారంగు గాలిమరలు గిర్రున తిరుగుతూ వస్తాయి. వెనకే, పేకల్లో డైమను గుర్తులాంటి నీలి ముక్కలు. కాలిస్తే ఒక్కోటీ కాకరపువ్వొత్తిలా చిట్లి రాలుతుంది. ఐదు నిమిషాలయ్యేసరికి టీవీలో దీపావళే!

దాని పేరు ‘జామెట్రీ వార్స్: రెట్రో ఇవాల్వ్‌డ్’. పుట్టింది ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో. తీరా చూస్తే దాన్ని తయారుచేసిన బిజార్ క్రియేషన్స్ కంపెనీకి పేరు తెచ్చింది కార్ల రేసులు! అక్కడ పనిచేసే స్టీఫెన్ కేక్‌బ్రెడ్ అనే ప్రోగ్రామర్, ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి రాసుకున్న చిన్న ముక్క ఇది. దాన్ని 2003లో వచ్చిన ‘ప్రాజెక్ట్ గోథమ్ రేసింగ్ 2’లో, కార్లు నిలిపే గ్యారేజీలో ఓ మూలన, సరదాగా పెట్టారు. రేసు ఆడటానికొచ్చినవాళ్లు కొందరు ఆ మూలనే సెటిలైపోయారు. రెండేళ్లకి, 2005 నవంబరులో, ఎక్స్‌బాక్స్ 360తో పాటే సొంత పేరుతో విడుదలైంది. అరవై డాలర్ల భారీ ఆటల పక్కన దీని ఖరీదు ఐదు డాలర్లు. కొత్త మెషీన్ కొన్నవాళ్లు చాలామంది ముందుగా చూపించుకున్నది మాత్రం దీన్నే.

ఆ నియాన్ మెరుపు కొత్తదేమీ కాదు. 1979లో అటారీ వాళ్ల ‘ఆస్టరాయిడ్స్’, 1981లో ‘టెంపెస్ట్’ వచ్చినప్పుడు వాటి తెరలు మన టీవీల్లాంటివి కావు. చుక్కలు పేర్చి బొమ్మ కట్టడం కాకుండా, ఎలక్ట్రాన్ కిరణమే పెన్నులా తిరిగి అద్దం మీద గీతలు గీసేది. ఆ గీతలకుండే నిగనిగ మామూలు తెరకి రాదు. ఆ మెషీన్లు మూలపడ్డాక పాతికేళ్లకి, అదే నిగనిగని లెక్కలతో పుట్టించి, దానికి వేలకొద్దీ నిప్పురవ్వలు జోడించాడు కేక్‌బ్రెడ్. పేరులో ‘రెట్రో’ అని పెట్టుకున్నది ఉత్తినే కాదు.

చేతి పని కూడా పాతదే. ఎడమ పుల్లతో ఓడని నడపాలి, కుడి పుల్లతో కాల్చాలి. ఒకవైపు పారిపోతూ ఇంకోవైపు కాల్చవచ్చన్నమాట. 1982 నాటి ‘రోబోట్రాన్: 2084’ది ఇదే పద్ధతి. నేర్చుకోవడానికి అరనిమిషం చాలు. కుదరడానికి మాత్రం నెలలు పట్టొచ్చు.

అసలు గొప్పతనం శత్రువుల తీరులో ఉంది. ఊదా గాలిమరలు అమాయకపు జీవులు, దారీ తెన్నూ లేకుండా తిరుగుతాయి. నీలి డైమన్లు తిన్నగా మీదికే వస్తాయి. పచ్చ చదరాలు మహా గడుసువి... తూటా వస్తోందంటే పక్కకి తప్పుకుంటాయి. గులాబీ చదరాన్ని కొడితే చచ్చినట్టే చచ్చి మూడు పిల్లలవుతుంది. పాముల్ని తోక మీద ఎంత కొట్టినా దండగ, తల మీదే కొట్టాలి. ఇక ఎర్ర వలయాలున్నాయి. ముట్టుకోనంతసేపు బుద్ధిగా కూర్చుంటాయి. ఒక్క తూటా తగిలిందా, సుడిగుండంలా చుట్టూ ఉన్నవన్నిటినీ లాక్కోవడం మొదలు! మీ ఓడని కూడా. మీ తూటాల్ని సైతం వంచేస్తాయి. అప్పుడు వెనకాల గళ్లు పరుపు మీద గుండు పెట్టినట్టు అక్కడ కుంగుతాయి. అందం కోసమే వేశారనుకున్న గళ్లు నిజానికి లాగుడు ఎటు ఉందో చెప్పే పటం. ఇలాంటి చోట ఈ ఆటకి నూటికి నూరు మార్కులు వెయ్యొచ్చు.

మరి తంటా ఎక్కడ? ఆ వెలుగులోనే.

ఆట ముదిరేసరికి తెర మీద ఏది శత్రువు, ఏది చచ్చిన శత్రువు తాలూకు రవ్వ, ఏది మీ తూటా... పోల్చుకోవడం కష్టం. అన్నీ మెరిసేవే, అన్నీ కదిలేవే. మీ ఓడే మీకు కనబడదు! ఎక్కువమందిని కొడితే ఎక్కువ రవ్వలు, ఎక్కువ రవ్వలుంటే తక్కువ చూపు. అంటే బాగా ఆడినందుకు దక్కే బహుమతి కళ్లకి గంతలు. పైగా ఆడే మైదానం తెరకన్నా పెద్దది. ఓడ ఒక చివరికి వెళ్తే అవతలి చివరన ఏం పుడుతోందో తెలియదు.

చదరంగంలో ఓడిపోతే ఎక్కడ తప్పు జరిగిందో వెనక్కి వెళ్లి చూసుకోవచ్చు. మంచి ఆటల్లో చావు ఆటగాడి స్వయంకృతమే కావాలి. అప్పుడే ‘ఇంకొక్కసారి’ అనాలనిపిస్తుంది. ఇక్కడ సగం చావులు అలాంటివే. మిగతా సగంలో మాత్రం ఎవరు చంపారో కూడా తెలీదు. అదీ పెద్ద నష్టమే: చావకుండా కొట్టుకుపోతుంటే ప్రతి శత్రువు విలువా రెండింతలు, మూడింతలు అవుతూ పదింతల దాకా పెరుగుతుంది. ఒక్కసారి చచ్చారా, మళ్లీ ఒకటి. పైగా చేయి తిరిగినవాళ్లకి మొదటి నిమిషాలన్నీ ఆవులింతలే. ఆవులించి ఆవులించి అసలు యుద్ధానికి చేరేసరికి, కనబడని దెబ్బ!

దీనికి విరుగుడు ఆ కంపెనీకే దొరికింది, అదీ ఓ పరాచికంలోంచి. మొదటి ఆటలో ‘పసిఫిజం’ అని ఒక బిరుదు పెట్టారు. మొదటి 60 సెకన్లు ఒక్క తూటా కాల్చకుండా బతికితే చాలు, బిరుదు మీదే. 2008లో వచ్చిన రెండో ఆటలో దాన్నే ఒక పూర్తి ఆటగా మార్చారు. తుపాకి ఉండదు. వెంటపడే నీలి డైమన్లని తప్పించుకుంటూ, తెర మీద తిరిగే గేట్ల మధ్యలోంచి దూరాలి. దూరితే గేటు పేలి దగ్గరున్నవాళ్లని కాల్చేస్తుంది. గేటు అంచు తగిలితే పోయేది మీరు. తూటాల వాన లేదు కాబట్టి చూపు తేటగా ఉంటుంది. పోతే ఎందుకు పోయామో తెలుస్తుంది. ఆ పక్కనే ‘డెడ్‌లైన్’ అని మూడు నిమిషాల ఆట... ఎన్నిసార్లు చచ్చినా ఫరవాలేదు, గంట మోగేలోపు ఎంత స్కోరు కొడతారన్నదే లెక్క. ఇక ఆవులింతలకి చోటేదీ? తెర మీద మీ స్నేహితుడి స్కోరు కనబడుతూనే ఉంటుంది, ఉడికించడానికి.

2011లో బిజార్ క్రియేషన్స్ మూతపడింది. అప్పటికి అది యాక్టివిజన్ చేతిలో ఉంది. మూడో ఆటని 2014లో లూసిడ్ గేమ్స్ చేసింది. ఈసారి చదునైన గళ్లని బంతులకీ డబ్బాలకీ చుట్టేశారు. చూడ్డానికి ముచ్చటే. కానీ బంతి అవతలి వైపున ఎవరు పొంచి ఉన్నారో ఎలా తెలియాలి? పాత జబ్బుకి కొత్త తొడుగు. అయితే అందులో పాత ‘పసిఫిజం’ కూడా ఉంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు యాభై లెవెళ్లనీ పక్కనబెట్టి ముందు అక్కడికి వెళ్లడం మంచిది. తుపాకి తర్వాత పట్టుకోవచ్చు.