పాట నేర్పే మాస్టారూ కావాలి

క్రీస్తుపూర్వం 480లో పారశీక సైన్యం మీదికొస్తుంటే ఏథెన్స్ ఊరు ఖాళీ చేసింది. ఆడవాళ్లూ పిల్లలూ చాలామంది ట్రోయిజెన్ పట్టణం చేరారు. ఆ ఊరివాళ్లు రోజుకు రెండు ఒబోల్ నాణేల భత్యం ఇచ్చారు, పిల్లలు ఏ తోటలోనైనా పండ్లు కోసుకోవచ్చన్నారు. వాళ్లకు చదువు చెప్పే గురువుల జీతం కూడా తామే ఇస్తామని తీర్మానించారని ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. తిండి తర్వాత గుర్తొచ్చింది బడి! సోషల్ పాఠంలో ఇది చెప్పకుండా నేను ముందుకు వెళ్లను.

ఏథెన్స్ బడి ఎలా ఉండేదో దాదాపు అదే కాలంలో డూరిస్ అనే చిత్రకారుడు ఒక మట్టి పాత్ర మీద గీశాడు. అదిప్పుడు బెర్లిన్ మ్యూజియంలో ఉంది. గురువూ కుర్రాడూ ఎదురెదురుగా కూర్చుని లైర్ అనే తీగల వాద్యం మీటుతున్నారు. పక్కనే మరో గురువు గ్రంథపు చుట్ట విప్పి పట్టుకున్నాడు, ఎదుట పిల్లవాడు నిలబడ్డాడు. రెండోవైపు ఊదే వాద్యం, పలక మీద రాత. సంగీతానికీ అక్షరాలకీ ఒకే పీట. వ్యాయామానికి వేరే గురువు. ఈ మొత్తం పెంపకమే పైడియా.

ప్రతి విద్యలోనూ లాభమే వెతకడం స్వేచ్ఛగల మనిషికి తగదని అరిస్టాటిల్ 'పాలిటిక్స్'లో వాదించాడు. తీరిక సమయాన్ని చక్కగా గడపడం కూడా నేర్చుకోవాల్సిన విద్యేనన్నాడు. కానీ మా బడిలో పదో తరగతి రాగానే ముందుగా ఎగిరిపోయేది ఆటల పీరియడ్, తర్వాత డ్రాయింగ్. రెండూ లెక్కల పాలు. పిల్లల మొహాలు చూస్తుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

డూరిస్ పాత్ర మీద ఇంకొకాయన ఉన్నాడు. కర్ర పట్టుకుని, గడ్డంతో, పాఠం చూస్తూ కూర్చున్నాడు. పిల్లవాడికి బడిదాకా తోడొచ్చే పైడగోగోస్. సాధారణంగా బానిసే ఈ పని చేసేవాడు. పాఠమంతా అతని చెవిన పడుతుంది కానీ అది అతని కోసం కాదు. ఆడపిల్ల ఆ బొమ్మలో ఎక్కడా లేదు. ఏథెన్స్‌ను ఎంత మెచ్చుకున్నా ఈ అన్యాయాన్ని నేను దాటవేయలేను.

ఇలా పాఠం అందనివాళ్లు ఇప్పుడూ ఉన్నారు. మా బడికొచ్చేది కూలి పనులకెళ్లేవాళ్ల పిల్లలు. డబ్బున్న ఇంట్లో సంగీతానికి ట్యూషన్ పెడతారు, వీళ్లకు బడిలో దొరక్కపోతే ఇంకెక్కడా దొరకదు. అందుకే ప్రతి ఉన్నత పాఠశాలలో సంగీతం, డ్రాయింగ్, వ్యాయామ ఉపాధ్యాయులు ఉండాలి. ఆ పోస్టు ఖాళీ అయితే లెక్కల పోస్టుకు పడే తొందరే దానికీ పడాలి.